నటకవి మోలియేరు

లోకమున వృత్తులు పెక్కు గలవు. కొన్నింటిని తండ్రి కొడుకున కప్పగించును; కొన్నింటిని ఆకలి నేర్పును; కొన్నింటికి గౌరవాపేక్ష త్రోవ చూపును. మన కూచిపూడి భాగవతులవంటి వంశములను విడిచినచో, నటుని వృత్తి సాధారణముగ ఈ మూటిలో దేనికిని చేరదు. కలిగినయింటి బిడ్డ నాటకములవెంట పోయినచో తలిదండ్రులు చింతింతురు. లేనియింటి బిడ్డ పోయినచో రెట్టింపు చింతింతురు. అయినను ప్రతిదేశమునను, ప్రతితరమునను కొందరు స్థిరమైన జీవనోపాధిని కాలదన్ని, దీపముల వెలుగున కొన్ని గడియలు మరియొకరివలె మాటలాడి నడచుటకై తమ యాయుష్షునంతయు ధారవోయుచునే యున్నారు. వారి నచ్చటికి లాగునదేది? వారి పనికి రూపు తెచ్చునదేది? ఈ ప్రశ్నలకు సిద్ధాంతములకంటె ఒక మనుష్యుని జీవితమే మేలైన సమాధానము. అట్టి జీవితములలో ఫ్రాన్సు దేశపు హాస్యనాటకకర్తయు, నటుడును, నాటకసమాజ నాయకుడును అయిన మోలియేరు చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

మోలియేరు అనునది తలిదండ్రులు పెట్టిన పేరు కాదు. అతని నిజనామము జాన్ బాప్తిస్తు పోక్లాను. 1622 వ సంవత్సరము జనవరి 15 వ తేదీన పారిసు నగరమున సెయింటు యూస్తాషు దేవాలయమందు ఇతనికి బాప్తిస్మ మిచ్చిరి. తండ్రి కుర్చీలకు, మంచములకు గుడ్డలు తొడుగుట, గోడలకు తివాచీలను, వాకిళ్లకు తెరలను అమర్చుట యను పనిలో పేరుగన్న వర్తకుడు. 1631 లో ఆయన రాజగృహమున ఈ పనిని జరపు కొలువును సంపాదించెను. ఏటేట మూడుమాసములు రాజుగారి శయ్యను సిద్ధపరచుట ఆ కొలువులోని విధులలో నొకటి. పని చిన్నదిగ తోచినను, రాజసాన్నిధ్యము గలది గావున గౌరవము పెద్దది. జాన్ బాప్తిస్తు పెద్దకొడుకు. తండ్రియనంతరము ఆ యుద్యోగము నతడే స్వీకరించునట్లు 1637 లో, అతని పదునైదవయేట, ప్రమాణము గూడ చేయించిరి. బ్రతుకుబాట ఇట్లు ముందుగనే పరచబడియుండెను.

కాని యా బాలుని కన్నులు మరియొక దిక్కున తిరుగుచుండెను. పదియేండ్ల ప్రాయమున తల్లి మరణించెను. తల్లిని గన్న తాత ఆ బాలుని వెంటబెట్టుకొని ఒటెల్ ద బుర్గోన్యు అను నాటకశాలకు పోవుచుండెనని పూర్వులు చెప్పుదురు. ఇల్లు వెడలిన చాలు, వీథియే నాటకశాల. మన సంతలలో మూలికలమ్మువాడు గుంపును చేర్చుటకు గారడివానిని వెంటదెచ్చుకొనునట్లు, పారిసునందలి క్రొత్తవంతెనమీద నాటువైద్యులు తమ తైలములను, గుళికలను అమ్ముటకై హాస్యగాండ్రను కూర్చి వేషములు వేయించుచుండిరి. తెలియని లాటినుమాటలు పలికి రోగిని బెదరించు వైద్యుడును, నోరు తెరచి వినుచు సొమ్మిచ్చు సామాన్యుడును ఆ కాలపు వీథులలో కొరవడిన మనుష్యులు కారు. ముప్పది, నలువది సంవత్సరముల తరువాత వారే మోలియేరు నాటకములలో వేషములు దాల్చి నిలిచిరి.

విద్యాభ్యాసము క్లెర్మాంటు కళాశాలయందు జరిగెనని చరిత్రకారులు వ్రాసిరి. దానిని నడపినవారు యేసుసభ గురువులు. ఆ గురువులు నాటకమును విద్యలో నొకభాగముగ నెంచి, విద్యార్థులచేత లాటినునాటకము లాడించుచుండిరి. స్పష్టముగ పలుకుట, సభలో బెదరక నిలుచుట, పరుని మనస్సును గ్రహించుట అను మూడుగుణములు దీనివలన అలవడునని వారి నమ్మకము. ప్లాటసు, టెరెన్సు అను రోమకకవుల హాస్యనాటకములు ఆనాటి చదువులో ముఖ్యమైనవి. పిమ్మట 1668 లో మోలియేరు వ్రాసిన లోభి నాటకమునకు ప్లాటసు నాటకమే మూలము. బడిలో చదివినది ఎప్పుడు మొలకెత్తునో గురువునకు గాని శిష్యునకు గాని తెలియదు.

1643 వ సంవత్సరము జనవరిమాసమున, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, అతడు తండ్రికొలువుపై తనకుగల హక్కును వదలుకొనెను. తల్లియాస్తిలో తనకు రావలసినదానిలో ఆరువందల ముప్పది లివరుల సొమ్మును తీసికొనెను. ఆ యేడు జూనుమాసమున బెజారు కుటుంబమువారితో గలిసి, పదిమంది చేవ్రాళ్లతో ఒక యొడంబడిక వ్రాసికొని, మహోజ్జ్వల నాటకసమాజ మను నర్థమిచ్చు పేరుతో ఒక సమాజమును స్థాపించెను. బెజారు కుటుంబమున మదలీను అను నామె యిరువదియైదేండ్లకే పేరెన్నికగన్న నటి; సమాజమునకు ప్రాణమామెయే. మరుసటియేట తొలిసారిగ ఆ యువకుడు మోలియేరు అని సంతకము చేసెను. రంగస్థలమునకు వేరొకపేరు పెట్టుకొనుట ఆనాటి నటుల వాడుక.

అతడు విడిచినదేమో చక్కగ తెలిసికొననిదే ఈ నిర్ణయముయొక్క బరువు మనకు బోధపడదు. ఆనాటి ఫ్రాన్సు దేశమున నటుడు రెండు లోకములనడుమ వ్రేలాడువాడు. 1641 లో రాజు నటులవృత్తి, మర్యాదగ నడచినచో, నిందార్హము కాదని శాసించెను. కాని పారిసునందలి క్రైస్తవసంఘము నటులను సంస్కారములకు దూరముగ నుంచెను. మరణకాలమున నైనను తన వృత్తిని త్యజించితినని గురువునెదుట ఒప్పుకొననిదే అతనికి సంస్కారములు గాని, పవిత్రభూమిలో సమాధి గాని లేదు. రాత్రి చప్పట్లు, పగలు చీదరింపు. రాజుగారి శయ్యను పరచు చేతులకు గౌరవము గలదు. రాజును నవ్వించు నోటికి లేదు. ఈ సంగతి నెరిగియే మోలియేరు రంగస్థల మెక్కెను.

మహోజ్జ్వల సమాజమునకు పేరులోని వెలుగు పెట్టెలో లేకపోయెను. 1644 జనవరి 1 వ తేదీన ఒక బంతియాటశాలను బాడుగకు పుచ్చుకొని నాటకములు ప్రారంభించిరి. ప్రేక్షకులు రాలేదు. మరియొక శాలకు మారిరి, అప్పులు మారలేదు. ఆ దినములలో రంగస్థలమునకు క్రొవ్వువత్తులే వెలుగు. వత్తులు వెలుగనిదే నాటకము లేదు. నాటకము లేనిదే వత్తులవర్తకునకు సొమ్ము లేదు. 1645 ఆగష్టుమాసమున వత్తుల బాకీని చెల్లింపలేక మోలియేరు షాటెలే కారాగృహమున బంధింపబడెను. ఒక మిత్రుడు పూటపడుటచే కొలదిదినములలో విడుదలయయ్యెను. తండ్రియు పిమ్మట కొన్ని యప్పులను తీర్చెను. ఇరువదిమూడేండ్ల యువకుడు ఈ యవమానముతో ఇంటికి మరలియుండినచో ఎవరును తప్పుపట్టియుండరు. అతడు మరలలేదు. ఉత్సాహమువలన ఆకర్షింపబడినవారు మొదటి దెబ్బకే వెనుకకు పోవుదురు. చెరసాల తరువాతను మిగిలినదే నిజమైన పిలుపు.

పారిసు త్రోసివేయగా మోలియేరు మిగిలినవారితో రాజధానిని విడిచి, షార్లు ద్యుఫ్రెను అను నాయకుని సంచారసమాజమున చేరెను. పదుమూడు సంవత్సరములు దక్షిణ, పశ్చిమ మండలములలో సంచరించిరి. నాంటు, తులూజు, నార్బోను, లియోను, పెజెనాసు, గ్రెనోబులు మొదలగు ఊళ్లలో ఆడిరి. సామానులను బండ్ల కెక్కించుట, ఊరి యధికారుల యనుమతికై వాకిట నిలుచుట, దొరికిన కొట్టములోనో శాలలోనో తెరలు కట్టుట నిత్యకృత్యములు. మన సీమలలో ఊరూర తిరిగి ఆడిన నాటకసమాజముల కష్టసుఖముల నెరిగినవారికి దీనిని విస్తరించి చెప్పనక్కరలేదు. కొలదియేండ్లలో సమాజనాయకత్వము మోలియేరు చేతికే వచ్చెను.

ఈ పదుమూడేండ్లే అతని నిజమైన కళాశాల. పారిసు పండితుని మెప్పించిన వాక్యము పల్లెవర్తకుని మెప్పింపదు. ఎచ్చట నవ్వుదురు, ఎచ్చట ఆవులింతురు, ఏమాటకు ముందు ఒక్కక్షణ మాగవలెను, ఏచూపు వందమాటలకు సమానము అను విషయములు పుస్తకములలో లేవు. ప్రేక్షకుల మొగములలో గలవు. పెజెనాసులో నొక మంగలిదుకాణమున కుర్చీలో గూర్చుండి, వచ్చిపోవువారి మాటలను, నడకలను గమనించుచుండెనని నేటికిని ఆ యూరివారు చెప్పుకొందురు. ఇట్టి యనుభవముతోనే 1655 లో లియోనునందు తొందరపాటువాడు అను నాటకమును, మరుసటియేట బెజియేలో ప్రణయకలహమును ప్రదర్శించెను. ఈ సంచారములోనే కోంతి ప్రభువు వారికి పోషకుడై తన నామము నిచ్చెను. పిమ్మట ఆ ప్రభువు భక్తిమార్గమున ప్రవేశించి, ఇచ్చిన నామమును తీసికొని, నాటకములకు విరోధియై వానిని ఖండించుచు గ్రంథము గూడ వ్రాసెను. పోషకుని ప్రేమ ఎంత నిలుకడగలదో మోలియేరు అప్పుడే నేర్చుకొనెను.

1658 అక్టోబరు 24 వ తేదీన అదృష్టము తలుపు తెరచెను. ఇరువదియేండ్ల యువకుడైన పదునాలుగవ లూయీ రాజునెదుట, లూవ్రు రాజభవనములో, ఆడుటకు అవకాశము లభించెను. కొర్నేయి మహాకవి వ్రాసిన నికొమేదు అను విషాదగంభీర నాటకమును సమాజమువారు ఆడిరి. సభ చల్లగ వినెను. నాటకము ముగిసినపిదప మోలియేరు ముందునకు వచ్చి, వినయముతో క్షమాపణ వేడుకొని, పల్లెటూళ్లలో తాము ఆడుచుండిన ఒక చిన్న ప్రహసనమును జూపుటకు అనుజ్ఞ నడిగెను. అది ప్రేమలోబడిన వైద్యుని కథ. రాజు నవ్వెను, రాజు నవ్వగా సభయంతయు నవ్వెను. నాటిరాత్రితో పెతీ బుర్బోను అను శాల వారి కీయబడెను. గొప్పదియని తాననుకొన్న పనిలో ఓడి, చిన్నదియని తాననుకొన్న పనిలో గెలిచిన ఆ రాత్రి మోలియేరు జీవితమునకు తాళపుచెవి వంటిది.

ఏలయన, అతని హృదయమునందలి కోరిక విషాదనాటకమున నాయకపాత్ర ధరింపవలెననియే. రాజులుగ, వీరులుగ నిలువవలెనని అతడు వదలక యత్నించెను. కాని కంఠము అనుకూలింపలేదు. మాటలనడుమ ఎక్కిళ్లవంటి యొక యలవాటు గూడ ఉండెనని సమకాలికులు వ్రాసిరి. 1661 లో గంభీరమైన దొం గార్సి యను నాటకము ఆడగా అది కొలది ప్రదర్శనములకే మూలబడెను. నటుని రంగస్థలమునకు పిలుచునది కోరిక. అతని పనిని తీర్చునది మాత్రము కోరికకును శక్తికిని జరుగు పోరాటము. మోలియేరు తన ఓటమిని గమనించి, గాంభీర్యమును హాస్యములోనికే తీసికొనివచ్చెను. అంతవరకు హాస్యము దెబ్బలాటలకు, వికారచేష్టలకు పరిమితమై యుండెను. అతడు మనుష్యస్వభావమును దానిలో నింపెను.

ఈ పనిలో ఇటలీనటులు అతనికి గురువులు. పెతీ బుర్బోను శాలలో వారు కొన్నిదినములు, మోలియేరు సమాజమువారు కొన్నిదినములు ఆడుచుండిరి. వారి నాయకుడు ఫియోరిల్లి. తోటి యిటలీనటులలో పలువురు తోలు ముఖకవచములు ధరించుచుండగా, ఆయన ఉత్తముఖముతోనే నవ్వును, భయమును, ఆకలిని చూపుచుండెను. మోలియేరు ఆయన యాటను శ్రద్ధతో గమనించి నేర్చుకొనెను. ఆ కాలపు విషాదనటులు వాక్యములను సాగదీసి, చివర గొంతెత్తి చప్పట్లకై నిలుచుచుండిరి. 1663 లో వ్రాసిన వెర్సెయి నాటకములో మోలియేరు ఆ పద్ధతిని పరిహసించి, తనను తానే సమాజనాయకునిగ ప్రదర్శించి, నటులకు ఎట్లు నేర్పవలెనో రంగస్థలముమీదనే జూపెను. మనుష్యుడు మాటలాడునట్లు నటుడు మాటలాడవలెనని అతని మతము. మన దేశమున బళ్లారి రాఘవ (1880–1946) స్వాభావికాభినయముకొరకు పడిన పాట్లను ఎరిగినవారికి, ఈ వాదము ప్రతిదేశమునందును మరల మరల చేయవలసివచ్చునని తెలియును.

అతని నాటకములను చదువువారు మరువరాని సంగతి యొకటి కలదు. అవి ఏకాంతమున గూర్చుండి ఎవరో తెలియని నటులకై వ్రాసినవి కావు. తన సమాజములోని ఫలానావాని శరీరమునకు, ఫలానియామె గొంతునకు కొలతచూచి కుట్టినవి. లూయీ బెజారు కుంటినడక గలవాడు. అందుచే లోభి నాటకములోని సేవకుడు కుంటివాడయ్యెను. బోవాలు అను నటి నవ్వు అంటువ్యాధివంటిది. 1670 లో ఆడిన మధ్యతరగతి దొర నాటకములో, యజమానుని వేషమును జూచి నవ్వు నాపుకొనలేని పనికత్తె పాత్రను ఆమెకై కల్పించెను. తనకు దగ్గుజబ్బు వచ్చినప్పుడు తాను ధరించు లోభిపాత్రకును దగ్గు నంటగట్టెను. లోపములను దాచుటకు బదులు వానికి పని కల్పించుట ఉత్తమనాయకుని లక్షణము.

1662 లో మోలియేరు ఆర్మాందు బెజారు అను నటిని వివాహమాడెను. అతనికి నలువదియేండ్లు, ఆమెకు ఇరువది. ఈ వివాహమును గూర్చి ప్రతిపక్షసమాజపు నటులు నీచములైన నిందలు ప్రచారము చేసిరి. రాజు వానికి మాటలతో బదులు చెప్పక, 1664 ఫిబ్రవరిలో ఆ దంపతుల ప్రథమపుత్రునకు జ్ఞానతండ్రిగ నుండుటకు అంగీకరించెను. కాని యా బిడ్డ ఆ సంవత్సరమే మరణించెను. ఆ సంవత్సరమే మోలియేరు జీవితములోని మహాసంగ్రామము గూడ మొదలయ్యెను.

1664 మే 12 వ తేదీన వెర్సెయి యుత్సవములలో తార్తుఫు అను నాటకమును రాజునెదుట ప్రదర్శించిరి. ఓర్గోను అను గృహస్థుడు దేవాలయమున మోకాళ్లూని నిట్టూర్పులు విడుచు నొకని భక్తికి మురిసి, ఇంటికి తెచ్చుకొనును. ఆ కపటభక్తుడు క్రమముగ ఆ యింటిమీద పెత్తనము సంపాదించి, కుమార్తెను, ఆస్తిని, తుదకు గృహిణిని గూడ కాజేయజూచును. కొడుకు చెప్పినను ఓర్గోను వినడు. భార్య తన భర్తను బల్లక్రింద దాచి, వాని మాటలను చెవులార వినిపించువరకు అతని కన్నులు తెరువబడవు. అప్పటికి ఆస్తిపత్రము చేయిజారియుండును.

నాటకమును వెంటనే నిషేధించిరి. ఒక గురువు మోలియేరును దహింపదగినవాడని పుస్తకము వ్రాసెను. మోలియేరు నాటకమును మార్చెను, విన్నపములు పంపెను, పెద్దల యిండ్లలో చదివి వినిపించెను. 1667 ఆగష్టులో వేరుపేరుతో ఆడగా, మరునాడే న్యాయాధిపతి ఆపించెను. రాజు యుద్ధభూమిలో నుండెను. సమాజమువారు ఇద్దరునటులను లీలు పట్టణమునకు రాజుకడకు పంపిరి. అంతలో పారిసు ఆర్చిబిషప్పు ఆ నాటకమును ఆడినవారేగాక, చదివినవారును, విన్నవారును సంఘమునుండి వెలివేయబడుదురని ప్రకటించెను. తుదకు 1669 ఫిబ్రవరి 5 వ తేదీన రాజాజ్ఞ లభించి నాటకము బహిరంగముగ ఆడబడెను. జనులు శాల పట్టక క్రిక్కిరిసిరి.

ఈ వివాదమున క్రైస్తవులమైన మనము పక్షపాతము లేక ఆలోచింపవలెను. భక్తిని గేలిచేసినచో అది తప్పే. కాని తార్తుఫు గేలిచేసినది భక్తిని కాదు, భక్తివేషమును. మన ప్రభువు పరిసయ్యుల వేషధారణమును ఖండించిన ఖండనము ఏ నాటకకర్త పరిహాసముకంటెను కఠినమైనది. వేషము వేయుటయే వృత్తిగా గలవానికి, వేషము వేసి మోసపుచ్చువాని గుట్టు తెలియుట వింత కాదు. నటుడు తాను నటుడనని చెప్పి నటించును. కపటి చెప్పక నటించును. ఈ భేదమే ఆ నాటకమునకు ప్రాణము. ఇట్టి నవ్వుయొక్క ప్రయోజనమును మన యాంధ్రులును ఎరుగుదురు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ప్రహసనములును, 1892 లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును ఉపన్యాసములు చేయలేని పనిని నవ్వుచే జేసినవి.

అయిదేండ్లు తార్తుఫు మూలబడియుండగా సమాజము తినవలెను గదా. ఆ కాలముననే 1665 లో దొం జువాను, 1666 లో మనుష్యద్వేషి, బలవంతపు వైద్యుడు, 1668 లో లోభి వెలువడినవి. దొం జువాను పదునైదు ప్రదర్శనముల పిమ్మట నిలిచిపోయెను. రాజుగారి యుత్సవములకు కొలదిదినముల వ్యవధిలో క్రొత్తనాటకము కావలెనని యాజ్ఞ వచ్చుచుండెను. వ్రాయుట, నేర్పుట, తాను వేషము వేయుట, లెక్కలు చూచుట, తగవులు తీర్చుట అన్నియు అతని మీదనే. 1665 లో ఆ సమాజమునకు రాజసమాజ మను బిరుదును, సాలీనా ఆరువేల లివరుల భృతియు లభించెను. అప్పటినుండియే ఊపిరితిత్తుల జబ్బు అతనిని పీడింపసాగెను. వింతయేమన, 1660 లో తమ్ముడు మరణింపగా, యౌవనమున తాను వదలుకొన్న తండ్రికొలువు మరల మోలియేరునే చేరెను. ఉదయము రాజుగారి శయ్యను సవరించి, సాయంకాలము రాజును నవ్వించు జీవితమది.

1672 ఫిబ్రవరి 17 వ తేదీన, తొలినాటినుండి తోడుగనున్న మదలీను మరణించెను. ఆమె మరణశయ్యపై వృత్తిని త్యజించి సంస్కారములు పొందెను. సరిగ సంవత్సరము గడచినది. 1673 ఫిబ్రవరి 10 వ తేదీన మోలియేరు తన కడపటి నాటకమైన ఊహారోగిని ఆరంభించెను. రోగము లేకయే రోగినని భ్రమించి వైద్యులకు దాసుడైనవాని కథ యది. ఆ పాత్రను ధరించినవాడు నిజముగ మరణించుచున్నవాడు. నాలవ ప్రదర్శనము 17 వ తేదీన. నాడు జబ్బు ముదిరెను. భార్యయు, శిష్యుడైన బారోనును ఆనాటికి మానుమని బ్రతిమాలిరి. దినకూలిపై బ్రతుకు పనివారు ఏబదిమంది కలరనియు, ఆట లేకున్న వారికి నాటి కూడు లేదనియు చెప్పి అతడు ఒప్పుకొనలేదని చరిత్ర చెప్పుచున్నది.

చివరి రంగమున వైద్యపట్టము పుచ్చుకొనుచు ప్రమాణము చేయునప్పుడు అతని దేహము మూర్ఛతో వణకెను. బలవంతమున నొక నవ్వు తెచ్చుకొని దానిని కప్పివేసెను. తెర పడినపిదప రిషెల్యూ వీథిలోని యింటికి మోసికొనిపోయిరి. దగ్గుతో రక్తము వెడలెను. గురువునకై కబురంపగా, సెయింటు యూస్తాషు దేవాలయపు గురువు లిద్దరు రానొల్లరైరి. మూడవవారు వచ్చునప్పటికి ప్రాణము పోయెను. ఆ యింట ఆశ్రయము పొందియున్న ఇద్దరు సన్న్యాసినులు కడపటిగడియలో అతని ప్రక్కన నుండిరి. అతనికి ఏబదియొక్క సంవత్సరములు.

బాప్తిస్మమిచ్చిన దేవాలయమే భూమి నిరాకరించెను. ఆర్మాందు రాజుపాదములపై బడి వేడుకొనెను. రాజు ఆర్చిబిషప్పునకు సూచింపగా, పగటివేళ కాక, ఆడంబరము లేక, ఇద్దరు గురువులు మాత్రమే యుండునట్లు అనుజ్ఞ యీయబడెను. ఫిబ్రవరి 21 వ తేదీ రాత్రి సెయింటు జోసఫు శ్మశానమున సమాధిచేసిరి. వందలకొలది జనులు దివిటీలతో వెంటవచ్చిరి. శవపేటికమీద కప్పిన గుడ్డ నటులది కాదు, తివాచీపనివారి సంఘమునది. ఇరువదియొక్కయేట అతడు విడిచిన తండ్రివృత్తియే అతనికి సమాధి దారి చూపెను.

అతని పని మాత్రము సమాధిలో నుండలేదు. సహనటుడైన లాగ్రాంజు, ఏదినమున ఏనాటకము, ఎంత వసూలు అని పద్దు వ్రాసి యుంచినవాడు, 1682 లో అతని గ్రంథములనన్నిటిని ప్రకటించెను. 1680 లో రాజాజ్ఞచే పారిసు సమాజములు కలిసి ఏర్పడిన కొమెదీ ఫ్రాన్సేజు నాటకశాలను నేటికిని మోలియేరు ఇల్లనియే పిలుతురు. ఊహారోగిగ అతడు గూర్చున్న కుర్చీ అచ్చట భద్రపరుపబడియున్నది. 1778 లో ఫ్రెంచి పండితపరిషత్తు, జీవితకాలమున తనలో చేర్చుకొనని యీ నటుని విగ్రహమును తన మందిరమున నిలుపుకొనెను. 2022 లో అతని నాలుగువందల యేండ్ల జయంతిని లోకమంతట జరిపిరి.

విద్యార్థులారా! వార్షికోత్సవమున మీలో కొందరు వేషములు వేయుదురు. వారిలో ఎవరైనను ఆ దీపముల వెలుగును మరువలేకపోవచ్చును. అట్టివానికి మోలియేరు చరిత్రము రెండు సంగతులు చెప్పుచున్నది. చప్పట్లు పిలిచినవాడు చప్పట్లు నిలిచినదినమున వెడలిపోవును; మనుష్యులను చూచుటలో తనివి తీరనివాడు మాత్రమే నిలుచును. ప్రతిభ యొక్కటియే నటుని తయారుచేయదు. అప్పులు, బండిప్రయాణములు, ఓటమి, తోడివారి కుంటికాళ్లు, తన దగ్గు గూడ తయారుచేయును. ఇక వేషము వేయక చూచి నవ్వు మనకు గూడ నొక ధర్మము కలదు. మనకు ఒక సాయంకాలపు సంతోషము నిచ్చినవానిని, మరునాటి యుదయమున వీథిలో గుర్తించి నమస్కరించుట ఆ ధర్మము.